నాలుగు గంటలకోసారి

ముర్రుపాలు తాగిన మూడో రోజు
తల్లి రొమ్ము నుంచి విడదీసి
ఇరవై నాలుగు పిల్లల్ని ఎర్ర దీపాల కింద పెట్టాం.
డ్రిఫీల్డ్ దాటాక నాలుగో మైలు.
ఫిబ్రవరి. సముద్రం మీంచి వచ్చే గాలికి
రేకు తలుపు రాత్రంతా పళ్లు కొరుకుతుంది.

పన్నెండింటికి పంపు.
చుక్క, చుక్క, చుక్క,
పగలూ రాత్రీ లేని పాలు.
మిగిలిన పన్నెండింటికి సిరంజితో ఒకేసారి,
నాలుగు గంటలకోసారి.
రోజు మొత్తానికి కొలత ఒకటే,
మిల్లీలీటరు తేడా వస్తే నా ప్రాణం తీస్తారు.

పంది అన్నది మా ఇంట్లో తిట్టు.
ఇప్పుడా మాటని రోజుకి రెండు వందల సార్లు రాస్తున్నాను,
పక్కన బరువు వేసి,
ఎంతో మర్యాదగా.

పంపు గదిలో ఏడుపు లేదు.
అడగందే అమ్మైనా పెట్టదంటారే,
ఈ అమ్మ అడక్కుండానే పెడుతుంది,
ఆపకుండా పెడుతుంది.
ఆకలి మొహం చూడని పిల్లలు
దీపం వేడికి మైనం ముద్దల్లా సోలిపోతాయి.
అదృష్టమంటే వీటిదే అనుకున్నాను
మొదటి వారమంతా.

పక్క గదిలో మూడున్నరకే గోల.
పదకొండో నంబరు, ఎడమ చెవి మీద సిరా మరక ఉన్నది,
నా గంబూట్ల చప్పుడు పోల్చుకుని
కమ్మీల మధ్య ముట్టె దూర్చి నిలదీస్తుంది.
పాలు కడుపులో పడగానే
రక్తంలో చక్కెర లేస్తుంది,
దాని వెనకే ఇన్సులిన్,
దూడ వెనక పరిగెత్తే ఆవులా.
కండలో మగ్గం కదులుతుంది,
పోగు మీద పోగు.
తర్వాత ఆగుతుంది.
ఆగాలి. మళ్లీ గట్టిగా ఆడాలంటే
మధ్యలో కొంచెం ఖాళీ ఉండాలి.
పంపు గదిలో మగ్గం ఆగనే ఆగదు,
సగం నిద్రలో నేస్తూనే ఉంటుంది
వదులు వదులుగా.

మూడు వారాలు పోయాక
తొడ కండ బరువుల్లో ఆ తేడా తేలింది.
తూచింది నేనే.
కండని విడిగా ఎలా తూస్తారని ఎవరూ అడగలేదు.
పదకొండో నంబరుది అందరికన్నా ఎక్కువ.

ఇదంతా తర్వాత.
ఆ రాత్రి మాత్రం ఇంకా బతికే ఉంది, అరుస్తూనే ఉంది.
విల్ఫ్ గార్‌సైడ్ వచ్చి గోడకి ఆనుకున్నాడు,
నలభై ఏళ్లుగా పందుల మధ్య మనిషి,
బూట్లకి హల్ ఆసుపత్రి పార్కింగు మంచు.
కూతురికి నెలలు నిండకుండానే పాప.
ముక్కులో గొట్టం.

"మా దానికి చుక్క చుక్కగా పోస్తున్నారు,
అది తప్పా?" అన్నాడు.

నాకేం తెలుసు.
పందిపిల్ల పందిపిల్లే, పసిపిల్ల పసిపిల్లే అన్నాను.
నందినీ పందినీ ఒకే గాట కట్టలేనన్నాను
ఏదో ఇంగ్లీషులో, అది ఇంగ్లీషులో అతకలేదు.
డాక్టర్లనడుగు విల్ఫ్, వాళ్లకి వాళ్ల లెక్కలుంటాయి.

అతను పదకొండో నంబరుని రెండు చేతుల్లోకీ ఎత్తుకున్నాడు,
తూకం రాయిలా కాసేపు పట్టుకున్నాడు.
"పుట్టిన రోజు ఇంతే ఉంది అదీ" అన్నాడు.

నాలుగింటికి ఇంకా పదకొండు నిమిషాలు.
పిల్ల అతని బొటనవేలు చీకుతూ, వదిలేస్తూ,
కొట్టం ఎగిరిపోయేలా అరుస్తోంది.
సిరంజి నింపి నేను చెయ్యి చాపాను, ముందే,
తట్టుకోలేక.

విల్ఫ్ గోడ గడియారం వైపే చూస్తున్నాడు.
"ఉండు" అన్నాడు,
"అరవనీ."