మూరకు ఎన్ని సెంటీమీటర్లు

డెబ్బయ్యారో పిల్లర్ కింద నా గంప.
మెహదీపట్నం నుంచి అత్తాపూర్ పోయేటోళ్లకు
నా పేరు అండాలని తెల్వదు, అంకె తెల్సు.
"డెబ్బయ్యారు కాడ పూలామె" అంటరు.

నాలుగో తరగతిల ఆగిపోయిన నేను.
"పదమూడేడుల ఎంత?" అన్నడు సారు.
తొంభై ఒకటి నోట్లనే ఉండె,
బెత్తం చూసినంక బయటికి రాలె.
తెల్లారి బడికి పోలె. ఇగ ఎప్పుడూ పోలె.
ఆ తొంభై ఒకటి ఇంకా నోట్లనే ఉన్నది.

అయినా లెక్క ఎవలకు తప్పింది?
పొద్దుగాల మూడున్నరకు గుడిమల్కాపూర్ మార్కెట్ల
కిలో బంతి అరవై, శ్రావణమైతే నూట ఇరవై.
వానకు తడిసిన పువ్వు
తూకంల బరువు, అమ్మకంల తేలిక.
తరుగెంతో మిగులెంతో
ఆటో దిగేలోపల గణుపుల మీద తేలిపోతది.
నాలుగు వేళ్లకు పన్నెండు గణుపులు,
డజను నా చేతిలనే పుట్టింది.

నా బిడ్డ నవనీత, సర్కారు బడిల ఏడో తరగతి.
సాయంత్రం గంప పక్కన సంచి పరుచుకొని
"ఒక గొట్టం ట్యాంకును ఆరు గంటలల్ల నింపును" అని సదువుతుంటే
నవ్విన నేను.
"మన గల్లీ నల్లా దినం తప్పి దినం గంటసేపొస్తది.
ముందు ఆ లెక్క చెయ్యి."
చేసింది.
పది ఇండ్లు, అరవై నిమిషాలు, నిమిషానికో బిందె.
"ఇంటికి ఆరు బిందెలమ్మా, కొట్లాట అక్కర్లే."
కొట్లాట ఆగలె. అది వేరే సంగతి.

గిరిగిరి పైసలిచ్చే మొగులన్న
రోజూ ఏడింటికి బండి ఆపుతడు, దిగడు.
పదివేలని రాసి
ఎనిమిదివేల ఐదొందలు చేతుల పెట్టిండు.
నూరు రోజులు, రోజుకు నూరు.
ఎంత సక్కని లెక్క! అన్నీ సున్నాలే.
సున్నాలను చూసి భయపడుడెందుకని తీసుకున్న.

యాభయ్యో రోజున బిడ్డ ఆ కార్డు చూసింది.
చిత్తుబుక్కు తీసింది.
"నీకొచ్చిన దాని మీద పదిహేను వందలు ఎక్కువ కడుతున్నవు.
నూటికి పదిహేడు రూపాయల పైన, మూడు నెలలకే."
ఇంకా రాసింది.
"అమ్మా, సగానికెక్కువ సొమ్ము ఆయన జేబుల పడ్డది గదా.
తిరిగిచ్చిన పైసలకు కూడ ఇంకా వడ్డీ కడుతున్నవు."
పూలల్లుడు ఆపిన.
వేలికి సుట్టిన దారం
వేలు నల్లబడ్డదాక ఇప్పలె.

మొగులన్నను అడిగింది, మెల్లగనే.
"పోరి బాగ సదువుతున్నదే" అని నవ్విండు.
"కార్డు పైలం" అన్నడు.
యాభై రోజులు ఇంకా కట్టిన.
మళ్ల మాత్రం తీసుకోలె.

ఆ రాత్రి గెలిచినట్టే అనిపించింది.
తెల్లారి జామెట్రీ బాక్సుల నుంచి
పదిహేను సెంటీమీటర్ల చిన్న స్కేలు తీసింది.
"నీ మూర కొలుస్త."
మోచేయి నుంచి నడిమేలు కొనదాక
మూడుసార్లు జరిపింది: నలభై మూడు.
"ఇప్పుడు గిరాకి ముందల కొలిచినట్టు కొలువు."
కొలిచిన.
ముప్ఫై ఎనిమిది.

మణికట్టు కాడ జర వంచుత.
మా అమ్మ వంచేది. ఆమెకు వాళ్లత్త నేర్పింది.
మూడు తరాలు ఎవ్వరం దాన్ని దొంగతనమనలె,
చెయ్యి వాటమన్నం.

"రోజుకు వంద మూరలైతే" అని
చిత్తుబుక్కుల రాసి,
నా మొఖం చూసి ఆపేసింది.
పెన్సిల్ చెక్కుకుంట కూసున్నది.

మొగులన్న అని చూడదు లెక్క, అమ్మ అని చూడదు.
ఆ బెత్తం సారుకు ఈ ముక్క తెల్సుంటే
నాకు ఇదే ముందు చెప్తుండె గావచ్చు.

పొద్దెక్కినంక మణికట్టు నిటారుగ పెట్టిన.
చెయ్యి కొత్తగ అనిపించింది, వేరేవాళ్లదైనట్టు.
"ఇరవై రూపాయల మూర, ఇప్పుడు ఇరవై రెండున్నర దాటుతది" అన్నది బిడ్డ.
"ఇరవై మూడను. ఫోన్ల కొడతరు, చిల్లర బాధ లేదు."

మొదటి గిరాకి, హెల్మెట్ తియ్యకుండనే:
"ఇరవై మూడా? నిన్న ఇరవయ్యే గదా!"

"నిన్నటి మూర వేరే" అన్న.