నలభై ఏడో లైను

గట్టుప్పల్‌ల రాత్రి పదకొండు దాటింది.
కింద అర్రల చిన్నాయన అచ్చు అతుకుతుండు,
వేళ్లకు బూడిద అద్దుకుంట, పోగెంట పోగు.
ఆ పోగులకు రంగేసిందెవరో ఆయనకు తెల్వదు.

మిద్దె మీద నేను.
గువాహటిల రూపాలి.
ఒకే ఫైలు, నలభై ఏడో లైను,
ఒక్క గడియల ఇద్దరం దిద్దినం.
కలపనంటది యంత్రం, ఎర్రగ జూస్తది:
ఎవరిది ఉంచాలె?

రెండేండ్లాయె, ఆమె గొంతు వినలే.
పేరు పక్కన పచ్చచుక్క వెలిగితే మాత్రం
పక్కింట్ల దీపం ఉన్నట్టే ఉంటది.

"నీదే ఉండనీ, నాది తీసేసిన"
అని రాసింది.
అప్పటికే నేను నాది తీసేసి ఉన్న.

ఇగ నలభై ఏడో లైను
తెల్లగ, ఉతికినట్టు.
ఇద్దరం నవ్వు బొమ్మలు పంపుకున్నం,
ఎవరం రాయలే.

కరెంటు పోయింది.
కిందికెల్లి చిన్నాయన:
"అతికిందా బిడ్డా?"