పాత వేళ్ళు

పొన్నేరిలో బస్సు మారాను.
"పళవేర్కాడా? ఏముందక్కడ, ఎండ తప్ప,"
చిల్లర వెతుక్కుంటూ అన్నాడు కండక్టరు.
పక్క సీటు కింది ఖాళీ చేపల తట్ట
దారంతా నా కాలికి ఒరుసుకుంటూ
నిన్నటి సంగతులు చెబుతూనే ఉంది.

ఫ్లెమింగోల కోసం వచ్చాను, నిజానికి.
రాయపురంలో పదహారేళ్ళుగా
ఒకరి లెక్కలు సరిచూసే కళ్ళకి
కాస్త గులాబీరంగు చూపిద్దామని.
సరస్సేమో
అడుగున మొత్తం వెయ్యని పేజీలా పడి ఉంది.
"పక్షులు నిన్ననే లేచిపోయినాయి,"
పడవ ఏకాంబరం గడతో ఉత్తరం చూపించాడు.
నిన్న వచ్చినా ఇదే మాట అనేవాడేమో.
ఊరి పేరుకి అర్థం పాత వేళ్ళ అడవి అన్నాడు.
అడవేదీ అంటే
గడ నీళ్ళలోకి దించి
"కింద" అన్నాడు.

సమాధుల తోట తాళం దేశమ్మ దగ్గర ఉంటుంది.
గేటుకి అటూ ఇటూ రాతి అస్థిపంజరాలు.
ఒకదాని పక్కటెముకల మీద
తన తడి తువ్వాలు ఆరేసుకుంది.

"చదవతావా?" అంది.
డచ్చి రాత. నాకు రాదు.
ఆమెకి ఏ రాతా రాదు.
అయినా ప్రతి రాయి దగ్గరా గొంతుక్కూర్చుని
చెక్కిన గాడిలో చూపుడువేలు నడిపిస్తూ
చెప్పుకుపోయింది:
ఈయప్పకి నల్లమందు అలవాటు.
ఈయమ్మకి మా ఉప్పునీళ్ళు పడలా.
ఇదో, ఈ పసిది, పేరు పెట్టేలోపలే...
"నీకెవరు చెప్పారు?"
"రాయి ఎంత చల్లగుండాదో చూస్తే తెలిసిపోతాది."

పసిదాని రాయి మీద
రెండు సంవత్సరాలూ చెక్కు చెదరకుండా ఉన్నాయి.
ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే
ముప్పయ్యొకటి వచ్చింది.
నోటుపుస్తకంలో వేసుకున్నాను.
ఆమెకి చెప్పలేదు.

పొద్దు వాలి నీళ్ళు తగ్గాక
దేశమ్మ సరస్సులోకి దిగింది,
తాటాకు బుట్ట పళ్ళతో కరిచిపట్టుకుని,
గడ్డం దాకా వంగి,
రెండు చేతులూ బురదలో తడుముతూ.
చూపు మాత్రం నీళ్ళ మీద లేదు,
దక్షిణాన కరెంటు గొట్టాల పొగ మీద ఉంది.
రొయ్య చిక్కినప్పుడల్లా
భుజం చిన్నగా అదిరేది.
కళ్ళతోనే నన్నూ రమ్మంది.
చీర ఎగదోపుకుని దిగాను.
వేళ్ళకి ముందు మెత్తన తగిలింది,
తరవాత గవ్వ పెంకు,
ఆ తరవాత, ప్రాణమున్నదేదో
గిలగిలమని జారిపోయింది.
దేశమ్మ బుట్ట నోట్లోంచి తీసి మరీ అడిగింది:
"ఏం రాసుండాది?"

ఆఖరి బస్సు.
గోళ్ళ కింద నలుపు అలాగే ఉంది.
పొన్నేరి దీపాలు కనపడ్డాక
నోటుపుస్తకం తీసి
ముప్పయ్యొకటి కొట్టేశాను.
దాని పక్కన
"పేరు పెట్టేలోపలే" అని రాస్తుంటే
బస్సు గతుకులో ఎగిరి
అక్షరాలు వంకరపోయాయి.
సీటు కింద అదే తట్ట, ఈసారి నిండుగా,
నా పాదం మీద చల్లగా
నీళ్ళు కారుస్తోంది.