ఏడు రూపాయల హద్దు

మిర్యాలగూడల మిల్లు కాంటా కాడ నా కొలువు.
పగలు బండ్ల బరువు రాస్త.
రాత్రి, ఊక కాలిన వాసన కిటికీలకెల్లి వస్తుంటె
రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకొని
తప్పుల కోసం కాపు కాస్త.
ఫోన్లు రెండూ
ఏరే రాష్ట్రంల ఉన్నట్టు నటిస్తయి.

ఆట మీద నాకు ప్రేమ లేదు.
ఎవడు గెలుస్తడో చెప్పుడు సోదె చెప్పెటోళ్ల పని.
నాకు ఎరుకైంది ఒక్కటే:
ఇటు కంపెనీ ఒక ధర చెప్తది,
అటు కంపెనీ ఇంకో ధర చెప్తది,
నడుమ నూక గింజంత సందు ఉంటది.
అది మూసుకునే లోపల
చెయ్యి పెట్టి తియ్యాలె.

నలభై సెకండ్లు. ఒక్కోపారి పన్నెండే.

మాఘమాసంల ఒక రాత్రి, రెండు దాటినంక,
ఎక్కడిదో మంచు దేశంల టేబుల్ టెన్నిస్.
నలుగురు కూడ చూడని ఆట.
ధరలు పెట్టెటోడెవడో నిద్రమత్తుల
పేర్లు తారుమారు చేసిండు.
గెలిచేటోనికి ఓడేటోని ధర పడ్డది.
ఆ ఎడమచేతి పిల్లగాణ్ని నేను నెల సంది చూస్తున్న,
సర్వీసుకు ముందు బంతిని రెండుసార్లు అంగికి తుడుస్తడు.
పదకొండు వేలు పెట్టిన.
ఆ పదకొండు వేలు ఎవరియని అడగకుండ్రి.

గెలిచిన.
డెబ్బై ఒక్క వేల ఐదు వందలు
తెర మీద నిమిషం సేపు నిలబడ్డయి,
బస్సు ఎక్కబోయి ఆగిన చుట్టాల లెక్క.
తర్వాత ఒక ముక్క వచ్చింది:
స్పష్టమైన పొరపాటు. పందెం రద్దు. అసలు వాపస్.
పద్నాలుగో నిబంధనంట, చీమకండ్ల అక్షరాలల్ల.
నిరుడు నేను ఒకటి ఒత్తబోయి ఇంకోటి ఒత్తితే
నాలుగు వేలు పోయినయి.
ఆ పొరపాటు అంత స్పష్టంగ లేదంట.

తెల్లారి చూస్తె ఖాతా కింద కొత్త గీత:
మీ గరిష్ట పందెం, ఏడు రూపాయలు.
ఏడు!
బస్టాండు కాడ చాయ్ కూడ రాదు.
నవ్విన. అబద్ధమెందుకు, జర గర్వం కూడ అయింది.
ఏ సముద్రం అవతల్నో ఒకడు
నా పేరు చదివి జడుసుకున్నడు.

యాసంగి కోతలొచ్చినయి.
దామరచర్ల దిక్కు తండాకెల్లి ధీరావత్ సాలమ్మ
ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూసోని వచ్చింది.
వడ్లు తూసినంక, బండి కాంటా దిగక ముందే
కొంగు ముడి ఇప్పి చీటీ తీసింది.
తొవ్వల ఏరే కాంటా మీద
సొంత పైసలిచ్చి తూయించుకున్నదంట.
"సారూ, మీది నలభై రెండు కిలోలు తక్క సూపెడ్తున్నది."

నలభై రెండు.
ఆ అంకె నాకు మూడేండ్ల సంది తెలుసు.
ఖాళీ బండిని మా కాంటా నిక్కచ్చిగ తూస్తది.
నిండు బండి ఎక్కితెనే
దానికి ఆకలైతది.

ఎనుక ఇరవై మూడు బండ్లు, ఒకటే హారన్లు.
ఆమె కదలదు.
ఒక చేతుల మా చీటీ, ఒక చేతుల ఆ చీటీ,
పక్కపక్కన పట్టుకొని నిలబడ్డది.
ఆ నిలబడుడు నాకు ఎరుకే.

గుమాస్తా పురుషోత్తం వచ్చి చెవుల చెప్పిండు:
ఆమెకు నలభై రెండు కలిపి రాసెయ్.
లొల్లి కానియ్యకు.
రేపటి సంది ఆ బండిని గేటు దాటనియ్యకు.

కలిపి రాసిన.
బండి నంబరు ఇంకో కాయితం మీద రాసి
వాచ్‌మన్‌కు ఇచ్చిన.
ఆమె పోతపోత ఎనుకకు తిరిగి
కాంటా దిక్కు కాదు, నా దిక్కు చూసింది.
నవ్విందో,
ఎండకు కండ్లు చికిలించిందో.

ఇయ్యాల రాత్రి కూడ ఫోన్లు ముందటనే ఉన్నయి.
ఎక్కడ్నో రెండు ధరలు ఎడమైనయి, సందు తెరుచుకున్నది.
నేను కాలుకులేటర్ మీద
మూడేండ్ల బండ్లను నలభై రెండుతోటి
గుణిస్తున్న.

సందు మూసుకున్నది.
ఇంక గుణిస్తనే ఉన్న.