అయస్కాంతం పట్టని చోటు

పాత స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతం.
పెయింటు గీసుకోకుండా
మా ఆవిడ జాకెట్టు ముక్క చుట్టి ఉంచుతాను.
ఫియట్ ఒంటి మీద మెల్లగా జరుపుకుంటూ పోయాను.
బానెట్టు మీద టక్కున కరుచుకుంది.
మడ్‌గార్డు మీదా కరుచుకుంది.
ఎడమ డోరు కింది బద్దె దగ్గర మాత్రం
ఎవరో తెలీనట్టు
జారి నా బొటనవేలి మీద పడింది.

"బండి భేషుగ్గా ఉందండీ, చిన్న బుడగ లేచింది, అంతే"
అన్నారు వేండ్ర నించి తోలుకొచ్చిన శేషావతారం గారు.
బుడగ కందిగింజంత.
స్క్రూడ్రైవరు మొన ఆనించాను.
పిడి దాకా దిగిపోయింది.
ఆయన ముఖం అటు తిప్పుకున్నారు,
ఇంజెక్షను చేస్తుంటే తిప్పుకున్నట్టు.

రేకు పూతరేకయిపోయింది.
వేలు పెడితే పొరలు పొరలుగా ఎర్రటి పొడి.
సముద్రం ఇక్కడికి ఇరవై కిలోమీటర్లు,
అయినా ఉప్పుని మనమే పిలిచి
చేలల్లో చెరువులు తవ్వి కూర్చోబెట్టాం కదా.
ఈ బండి డిక్కీలోనే ఒకప్పుడు
కాకినాడ నించి రాత్రికి రాత్రి రొయ్యపిల్లలు వచ్చేవి,
ఆక్సిజను నింపిన సంచుల్లో, ఐసు పక్కన.
సంచి చిట్లిన ప్రతిసారీ
మ్యాటు తుడిచారు.
మ్యాటు కింద ఎవరు తుడుస్తారు?

గ్రైండరు పెట్టాను.
లప్పం పిండిలా రాలింది, అంగుళం మందం.
దాని కింద నూనె డబ్బా రేకు,
తిరగేస్తే సగం కొబ్బరిచెట్టు బొమ్మ.
నాలుగు రివెట్లు,
నాలుగూ కుడికి వాలి.

గ్రైండరు ఆపేశాను.

ఎడమ చేత్తో కొట్టిన రివెట్టు అలా వాలుతుంది.
పాలకొల్లు కాలవగట్టు షెడ్లన్నిటిలో
ఎడమచేతివాటం టింకరు
అప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే.

తుపాను ఏడాది అది.
ఇంటి మీద కప్పు లేదు.
బ్రోకరు రెండొందలు ఎక్కువ చేతిలో పెట్టి
"అమ్ముడుపోయేదాకా ఆగితే చాలు జిలానీ" అన్నాడు.
ఆగింది.
బద్దె అడుగున కంపెనీవాడు ఉంచిన మూడు చిల్లుల్ని కూడా
తారు పోసి మూసేశాను, నున్నగా కనపడాలని.
మురుక్కోడు పూడితే చేనేమవుతుందో
చిన్నప్పట్నించీ చూసినవాణ్ణి.

కోశాను.
మంచి రేకు తెల్లగా మెరిసేదాకా కోస్తూనే పోయాను.
జానెడు అనుకున్నది మూరెడయింది.
కొత్త ముక్క దావీదు పట్టుకుంటే
గ్యాసుతో చుక్క చుక్కగా అతికాను,
ఇక్కడొకటి, ఆ చివరొకటి.
ఒకేచోట వేడి చేస్తే రేకు అలుగుతుంది.
రెడాక్సైడు రెండు కోట్లు,
లోపలి బోలుకి కరిగించిన మైనం.

"ఎవడండీ ఆ వెధవ, ఇంత పని చేసినవాడు?"
శేషావతారం గారు నూనె డబ్బా రేకుని
చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకున్నారు.
దావీదు నా ఎడమ చెయ్యి వంక చూశాడు.
"ఉన్నాడండి ఒకడు.
ఇప్పుడు కాస్త పని నేర్చుకున్నాడు."

బిల్లు చూసి ఆయనే అడిగారు,
"బద్దె కూలి రాయలేదేంటి?"
అది ముందే ముట్టిందండి, అన్నాను.
అర్థం కాలేదాయనకి. అడగనూ లేదు.

బండి కింద వెల్లకిలా పడుకున్నాను.
పైనించి దావీదు చెంబుడు నీళ్ళు పోశాడు.
మొదటి చిల్లు కారింది. రెండోదీ కారింది.
మూడోది కాసేపు ఆలోచించి
నా చెవి పక్కన
టప్, టప్ మంది.

అలాంటివి ఆ ఏడాది పదకొండు చేశాను.
ఒకటి వచ్చింది.