అగ్గిపెట్టెంత జాగ

ఆ రాత్రి బంగారం షాపు ప్రకటన
ఆఖరి నిమిషంల ఆగిపోయింది.
జిల్లా పేజీల అగ్గిపెట్టెంత ఖాళీ.
"ఏదన్న పంపు, జల్ది" అన్నరు డెస్కోళ్లు.
పంపిన:
మెట్‌పల్లి ఎనిమిదో వార్డు సభ గురువారం పదింటికి.
నల్లా నీళ్ల గురించి ఎవరైనా అడగవచ్చు.
పంపి, పండుకున్న.

అప్పటికి మూన్నెల్ల సంది
టీవీల నలుగురు పెద్దమనుషులు
నాలుగు డబ్బాలల్ల కూసొని
ఒగని మీద ఒగడు ఒర్లుతనే ఉన్నరు.
కిటికీల నుంచి ఆ లొల్లి ఇనుకుంట
గచ్చు మీద ఓదెమ్మ
రోజుకు ఎనిమిది వందల బీడీలు చుట్టింది.
నవ్వింది. శాపిచ్చింది.
"గీ కండ్లద్దాలోడు మంచిగ మాట్లాడుతడే" అన్నది.
ఒళ్లె చాట మాత్రం దించలే.

గురువారం పొద్దుగాల
మిర్చి బజ్జీల కింద పరిచిన కాయితం.
రాత్రి బడిల నేర్చిన అక్షరాలు
నూనె మరకల నడుమ ఏరుకుంట
న, ల్లా, నల్లా కాడ ఆగింది.
ఇంక జెర ముందుకు జరిగి
"ఎవరైనా అంటే?
అండ్ల మనం సుత వస్తమా?" అని అడిగింది.
ఎవ్వలు జవాబు చెప్పలే.
కత్తెర్లు ఆగినయి.

నేను అలవాటుల రాసిన మాట అది.
తేదీ రాసినట్టు, పేరు కింద ఊరు రాసినట్టు.

పదకొండు మంది వచ్చిండ్రు మున్సిపల్ ఆఫీసుకు.
కుర్చీలు నిండిపోయినయి, గోడకు నిలవడ్డరు.
తంబాకు రంగు పట్టిన వేళ్లతోని
మైకును కుండ మూతి పట్టినట్టు పట్టుకొని
ఓదెమ్మ అన్నది:
"తొమ్మిదొద్దులకు ఒకపారి వచ్చేది నల్లా కాదు సారూ,
సుట్టం."
ఎవరో నవ్విండ్రు. కమిషనర్ నవ్వలే.

ముప్పై లైన్లు రాసిన. ఫొటో పంపిన.
తెల్లారి పేపర్ల
కౌన్సిలర్ సాబ్ నిండుగ ఉన్నడు.
అంచుకు, సగం తెగి, ఒక మోచెయ్యి,
రెండు ఆకుపచ్చ గాజులు.

కాయితం పట్టుకొని నా గదికి వచ్చింది.
"ఇది నాదే గదా?"
నీదే అన్న.
"మరి నేనన్న మాట?"
జాగ లేకుండె అన్న, నేల చూసుకుంట.
కాయితం నాలుగు మడతలు పెట్టి
రొండిల చెక్కుకున్నది.
"మల్ల సభ ఎన్నడో అదైతె రాయి.
జాగ లేకుంటె
చిన్నగనే రాయి."

నల్లా ఇప్పటికీ తొమ్మిదొద్దులకే.
నేను మాత్రం
రోజూ రాత్రి డెస్కుకు ఫోన్ చేస్త:
ఇయ్యాల ప్రకటన ఏదన్న ఆగిందా?