చిల్లు

నికనోరా అత్త చిక్కుడు గింజల కుండకి
అద్దం లాంటి మెరుపు.
పెళ్లికి ముందు ఒహాకా సంతలో
వేలితో మీటి, చెవి పెట్టి విని కొన్నది.
నలభై ఏళ్లు. ఒక్క పగులు లేదు.

ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన పిల్ల
దూదిపుల్ల తడిపి లోపలి అంచున రుద్దింది.
దూది గులాబీరంగు తిరిగింది.
"సీసం" అంది గొంతు తగ్గించి,
చావు కబురు చెప్పినట్టు.
పులుపు తగిలితే పూతలోంచి ఊరుతుందట.
అత్త టమాటా వేయని రోజేది?

అందరం ఫిదెన్సియో వైపు చూశాం.
ఏడేళ్లొచ్చినా మాటలు తడుముకుంటాడు,
గిన్నె నాకితే గాని లేవడు.

అత్త ఏడవలేదు. కుండ పగలగొట్టనివ్వలేదు.
పారేస్తే ఎవరో ఏరుకెళ్లి వండుతారంది.
పక్కింటి వడ్రంగి దగ్గర బరమా అడిగి తెచ్చి,
ఒళ్లో బోర్లించుకుని,
దుమ్ము లేవకుండా నీళ్లు చిలకరిస్తూ
అడుగున తనే చిల్లు పెట్టింది,
పసిదానికి చెవి కుట్టినంత నెమ్మదిగా.

ఇప్పుడు స్టీలు గిన్నెలో ఉడుకుతున్నాయి గింజలు.
రుచి లేదని మామ గొణుగుతాడు.
"ఉప్పేసుకో" అంటుంది.

కుండ కిటికీలో ఉంది.
పొద్దున ఫిదెన్సియో దాన్నెత్తి
చిల్లులోంచి నన్ను చూశాడు, నవ్వుతూ.
ఆ చేతులు కడిగించాను, సబ్బుతో, రెండుసార్లు.